సాయంత్రం పిచికారీ సలహా అన్ని పందిళ్లకూ సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల రైతు పేజీల్లో ఒక సలహా ఏటా అచ్చవుతుంది. తేనెటీగలు ఉదయం పూట తిరుగుతాయి కాబట్టి పురుగుమందు సాయంత్రం కొట్టండి అని. పొద్దుతిరుగుడుకీ, దోసకీ, గుమ్మడికీ ఇది మంచి మాటే. సొర, పొట్ల, బీర పందిళ్లు వేసిన రైతుకు మాత్రం ఇది నష్టం తెచ్చే మాట. ఆ పూలు విచ్చుకునేదే సాయంత్రం. ఆ వేళకు వాటి మీదకు వచ్చేవాటిలో ముఖ్యమైనది తేనెటీగ కాదు, చిమ్మట, అంటే సీతాకోకచిలుకలా ఉండి ఎక్కువగా రాత్రి తిరిగే పురుగు (మాత్).

ఆదివారం పేజీల్లో ఇంకో ముచ్చట ఉంటుంది. వానలు పడగానే ఎవరో ఒకరు ఫొటో పంపుతారు. పువ్వు ముందు గాల్లో నిలబడి తేనె తాగుతున్న చిన్న జీవి. దాని కింద ‘మన ఊళ్లో హమ్మింగ్ బర్డ్’ అనో, ‘వింత తేనెటీగ’ అనో వేస్తారు. రెండు తప్పులకూ మూలం ఒకటే. పూలలో తేనె తాగే పురుగు అనగానే తేనెటీగ తప్ప మరొకటి మన తలపుకు రాదు.

ముందు ఫొటో సంగతి తేల్చేద్దాం. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మన తేనెపిట్ట వేరే పక్షి, అది ఎక్కువగా కొమ్మ మీద వాలే తాగుతుంది. ఆ ఫొటోల్లో కనిపించేది పగలు తిరిగే హాక్ చిమ్మట, అంటే వేగంగా ఎగురుతూ పువ్వు ముందు గాల్లో నిలబడగలిగే చిమ్మటల కుటుంబానిది. మన దగ్గర ఇలా కనిపించేవి ముఖ్యంగా రెండు. ఒకటి మాక్రోగ్లాసమ్ ప్రజాతిది, గోధుమరంగు ఒళ్లు, వెనక రెక్కల మీద పసుపు పట్టీ. రెండోది సెఫనోడెస్ హైలస్, ఆకుపచ్చ ఒళ్లు, నడుముకు ఎర్రగోధుమ పట్టీ, అద్దంలా కనిపించే రెక్కలు. గూడు (ప్యూపా) నుంచి బయటపడినప్పుడు దీని రెక్కల మీద కూడా పొలుసులు ఉంటాయి. మొదటిసారి ఎగరగానే అవి రాలిపోతాయి. తేనెటీగ అని పొరబడేది ఎక్కువగా దీన్నే. దీని గొంగళిపురుగు కాఫీ, గార్డెనియా ఆకులు తింటుంది.

శీర్షిక రాసే ముందు ఫొటోను పెద్దది చేసి మూడు చోట్ల చూస్తే చాలు. మీసాలు చూడండి. తేనెటీగ మీసం మధ్యలో మోచేతిలా మడిచి ఉంటుంది, హాక్ చిమ్మటది తిన్నగా పోయి చివరికి దగ్గర కాస్త లావెక్కి, కొసన కొక్కెంలా వంగుతుంది. పక్షికి మీసాలే ఉండవు. తరవాత వెనక కాళ్లు. వాటికి పసుపు పుప్పొడి ముద్దలు అంటుకుని ఉంటే అది తేనెటీగే. చిమ్మటకు పుప్పొడి మోసే బుట్టలు లేవు. చివరగా నోరు. పువ్వులోకి దిగిన సన్నని నల్లని తీగ ఒంటి పొడవుకు దగ్గరగా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు, అది చిమ్మటే.

ఆ తీగ దగ్గరే అసలు తేడా మొదలవుతుంది. మన పుట్టతేనెటీగ, అంటే ఏపిస్ సెరానా, నాలుక పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. పెట్టెల్లో పెంచే ఐరోపా తేనెటీగది 6 పైచిలుకు. చిలగడదుంప తీగ మీద పెరిగే అగ్రియస్ కన్వాల్వులి అనే హాక్ చిమ్మట తుండం 10 సెంటీమీటర్లు అటూ ఇటూగా, దాని ఒంటికంటే పొడవుగా ఉంటుంది. పనిచేసే తీరు కూడా వేరు. తేనెటీగ నాలుక నిండా సన్నని వెంట్రుకలు ఉంటాయి. నాలుక తేనెలో ముంచగానే అవి విచ్చుకుంటాయి, వాటి సందుల్లో తేనె పట్టుకుంటుంది, నాలుక లోపలికి లాక్కుంటుంది. సెకనుకు కొన్నిసార్లు ఇలా నాకుతుంది. చిమ్మట నాకదు, పీలుస్తుంది. తలలో ఉన్న కండరాల పంపు తుండం గుండా తేనెను పైకి లాగుతుంది. తుండం నిజానికి ఒకే గొట్టం కూడా కాదు. రెండు సగాలు చిన్న చిన్న కొక్కేలతో కలిసి గొట్టం అవుతాయి. గూడు నుంచి బయటికి వచ్చిన కొద్దిసేపటిలోనే చిమ్మట వాటిని జతచేసుకోవాలి. అప్పుడు ఎవరైనా కదిలించినా, తుండానికి దెబ్బ తగిలినా సగాలు విడిగా ఉండిపోతాయి, ఆ చిమ్మట ఇక తేనె తాగలేదు. పిల్లలకు చూపించడానికి గూళ్లు సీసాలో పెట్టి పెంచేవాళ్లు, చిమ్మట బయటికి వచ్చాక తుండం చుట్ట చుట్టుకునేదాకా సీసా ముట్టుకోకపోవడం మంచిది.

గొట్టం సన్నగా, పొడవుగా ఉన్నప్పుడు చిక్కటి ద్రవం ఎక్కదు. పంచదార శాతం పెరిగేకొద్దీ పాకం చిక్కదనం ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే పీల్చే పురుగులకు 30–40 శాతం చక్కెర ఉన్న తేనె బాగా అందుతుంది, నాకే తేనెటీగ 50–60 శాతం ఉన్నదాన్ని కూడా తేలిగ్గా తీసుకుంటుంది. హాక్ చిమ్మటల కోసం పూసే పూలలో తేనె చాలాచోట్ల ఇంకా పలచన, 20–25 శాతం దగ్గర ఉంటుంది. ఎండకు చిక్కబడిన తేనె పగటి పూలలో తేనెటీగకు లాభం. రాత్రి చల్లదనంలో పలచగా ఊరే తేనె చిమ్మటకు సరిపోతుంది.

తాగింది ఏం చేస్తాయన్నది మరో తేడా. తేనెటీగ తాగినదాన్ని తేనె సంచిలో వేసుకుని తేనెపట్టుకు మోస్తుంది. అక్కడ ఎంజైములు కలిపి, రెక్కలతో విసిరి, నీరు 20 శాతం దరిదాపులకు దిగేదాకా ఆరబెట్టి గదిలో మూత వేస్తుంది. పిల్లపురుగులకు మాంసకృత్తుల కోసం పుప్పొడి వేరే తెస్తుంది. చిమ్మట దేన్నీ దాచదు. తాగిన చక్కెర ఎక్కువగా ఆ రాత్రి ఎగరడానికే ఖర్చవుతుంది. ఒంటి కట్టుబడికి కావలసింది గొంగళిపురుగుగా ఉన్నప్పుడే ఆకులు తిని కూడబెట్టుకుంటుంది. పువ్వు ముందు గాల్లో నిలబడటం పురుగుల పనుల్లో చాలా శక్తి ఖర్చయ్యేది. మాక్రోగ్లాసమ్ ప్రజాతికే చెందిన హమ్మింగ్ బర్డ్ హాక్ చిమ్మట సెకనుకు 70–80 సార్లు రెక్కలు ఆడిస్తుంది. రాత్రి చిమ్మటలు ఎగరబోయే ముందు కొంతసేపు రెక్కలు వణికించి ఛాతీ కండరాలను వేడెక్కించుకుంటాయి. అలా వణుకుతున్న పురుగును మందు తగిలి కొట్టుకుంటోందని అనుకుంటారు, చాలాసార్లు అది బయల్దేరడానికి సిద్ధమవుతోందంతే.

అన్ని చిమ్మటలూ తేనె తాగుతాయనీ అనుకోవద్దు. పట్టుపురుగు చిమ్మటకు, దసలి పట్టు చిమ్మటకు పనిచేసే నోరే లేదు. తేనె పెట్టెల్లో పట్లు తొలిచేసే మైనపు చిమ్మట కూడా పెద్దయ్యాక ఏమీ తినదు, ఆ నష్టం దాని పిల్లపురుగులది.

కళ్ల విషయానికొస్తే, తేనెటీగ కంటిలో ఒక్కో చిన్న కన్ను తన కటకం గుండా పడిన వెలుతురునే వాడుకుంటుంది. రాత్రి చిమ్మట కంటిలో ఎన్నో కటకాల వెలుతురు ఒకేచోటికి చేరుతుంది, దానితో వందల రెట్లు ఎక్కువ కాంతి అందుతుంది. మసక వెలుగులో మనకు అంతా నలుపూ బూడిదా అయిపోయాక కూడా హాక్ చిమ్మట రంగులు పోల్చుకోగలదని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో చూపించారు. తేనెటీగలన్నీ పగటివే అని కూడా గీత గీయలేం. పెరతేనెటీగ, అంటే ఏపిస్ డార్సేటా, నిండు వెన్నెల్లో మేతకు పోతుంది. తుమ్మెదల్లో జైలోకోపా ట్రాంక్వెబారికా అనే జాతి చంద్రుడు లేని రాత్రి కూడా తిరుగుతుంది. మహారాష్ట్రలోని భీమశంకర్ అడవుల్లో దాన్ని అధ్యయనం చేశారు.

తేనెటీగ, చిమ్మటల వంతులు ఒకే మొక్క మీద చూడాలంటే ఇంటి గేటు మీది రాధామనోహరం తీగ చాలు. పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, గొట్టం 5–7 సెంటీమీటర్లు, వాసన గుప్పుమంటుంది. ఆ రాత్రి హాక్ చిమ్మటలది. మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపు. అప్పుడు పగటి పురుగులు, తేనెపిట్టలు చేరతాయి. తేనెటీగ నాలుక గొట్టం అడుగుకు అందదు కాబట్టి అది పైపైన ఉన్నదానితో, పుప్పొడితో సరిపెట్టుకుంటుంది. తుమ్మెద మాత్రం ఇలాంటి పొడుగు పూలకు గొట్టం అడుగునే బయటి నుంచి చీల్చి తేనె దొంగిలిస్తుంది. ఆ చీలిక గుండా తరవాత చిన్న తేనెటీగలూ తాగుతాయి. పువ్వుకు దక్కేది ఏమీ ఉండదు. ఆకాశమల్లె చెట్ల కింద రాలిన పూల గొట్టాలు ఏరి చూస్తే ఈ చీలికలు కనిపిస్తాయి.

ఇక పందిళ్లు. మన కూరగాయ తీగలు పూసే వేళలు ఇవి, రుతువును బట్టి అరగంట గంట అటూ ఇటూ అవుతాయి. గుమ్మడి తెల్లవారుజామున 4–6 మధ్య, దోస 5.30–7 మధ్య, కాకర పొద్దెక్కుతుండగా 6–9 మధ్య విచ్చుకుంటాయి. సొర సాయంత్రం 5–8, బీర కూడా 5–8, పొట్ల చీకటి పడ్డాక 6–9. ఇందులో ఒక తమాషా ఉంది, నేతిబీర పూసేది బీరలా సాయంత్రం కాదు, తెల్లవారి 4–8 మధ్య. ఒకే పందిరి మీద రెండూ పాకించిన రైతుకు రెండు రకాల పురుగులు కావాలి. పొట్లపువ్వు తెల్లగా, అంచులు దారాల్లా చీలి ఉండటం, సొరపువ్వు తెల్లగా ఉండటం మసక వెలుతురులో చిమ్మటకు కనబడటానికే. బీర పసుపు పువ్వు, దాని మీదకు సందెవెలుగు ఉన్నంతసేపు తేనెటీగలూ వస్తాయి. సొర మీద కూడా కొన్ని వాలతాయి. కాబట్టి ఈ పంటలకు తేనెటీగ బొత్తిగా పనికిరాదని అనడం లేదు. పెట్టెలు తెచ్చి పెట్టినంత మాత్రాన సొర, పొట్ల దిగుబడి గుమ్మడికి పెరిగినట్టు పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దంటున్నాం.

దీనికి కారణం వేళ ఒక్కటే కాదు. ఈ తీగలకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. పుప్పొడి కోసం వచ్చిన తేనెటీగ మగపూలే వెతుక్కుంటుంది, ఆడపువ్వులో దానికి పనిలేదు. పైగా ఒంటికి అంటిన పుప్పొడిని దువ్వుకుని, తేనెతో తడిపి, కాళ్ల బుట్టల్లో ముద్ద చేస్తుంది. ఆ ముద్దలోది ఇక పువ్వుకు చేరదు. తేనె కోసం వచ్చే తేనెటీగ మాత్రం రెంటినీ తిరుగుతుంది. చిమ్మటకు పుప్పొడితో పనే లేదు కాబట్టి అది ఎప్పుడూ రెంటినీ తిరుగుతుంది. తుండానికీ, మొహం మీది పొలుసులకీ అంటుకున్నది అలాగే తరవాతి పువ్వుకు పోతుంది. తేనెటీగ ఎక్కువగా పట్టుకు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపు తిరుగుతుంది, తోటివాటికి నాట్యం చేసి దారి చెబుతుంది. చిమ్మట ఒంటరిది. కబురు చెప్పేవాళ్లు లేరు, తిరిగి వెళ్లాల్సిన ఇల్లూ లేదు. ఒక పందిరి నుంచి చాలా దూరంలో ఉన్న మరో పందిరికి పోగలదు.

పరాగసంపర్కం చాలకపోతే ఏమవుతుంది? పిందె వేలెడు పొడవు పెరిగి, పసుపెక్కి రాలుతుంది. లేదా కాయ ఒకవైపు ఉబ్బి, పువ్వున్న కొస సన్నగా వంకర తిరుగుతుంది. ఒక్కో గింజకు ఒక్కో పుప్పొడి రేణువు కావాలి. సొరకాయలో వందల గింజలు ఉంటాయి. సగమే అందితే కాయ సగమే నిండుతుంది. రైతు దీన్ని పండు ఈగ అనుకుంటాడు, షాపులో అడిగి మందు తెచ్చి, పత్రికలో చదివినట్టే సాయంత్రం ఆరింటికి కొడతాడు. వచ్చే ఆ కాసిని చిమ్మటలూ పోతాయి, పిందె ఇంకా రాలుతుంది, ఇంకో మందు కొడతాడు. ఈ చక్రం తెగాలంటే రాలిన పిందెలు ఓ పది కోసి చూడాలి. ఈగ పొడిచిన పిందె మీద చిన్న చుక్క, దాని చుట్టూ జిగురు ఉంటాయి, లోపల పురుగులో, గోధుమరంగు కుళ్లో కనిపిస్తుంది. పుప్పొడి అందని పిందె లోపల శుభ్రంగా ఉంటుంది, గింజలు తాలుగా ఉంటాయి. ఆడపూలే తక్కువగా వస్తుంటే అది మూడో సంగతి, ఎండలు ముదిరినా, నత్రజని ఎక్కువైనా తీగ మగపూలే ఎక్కువ వేస్తుంది.

ఈగే ఉందని తేలితే క్యూలూర్ ఎర బుట్టలు ఎకరానికి 10 చొప్పున కడితే మగ ఈగలు వాటిలో పడతాయి. వీటితో తేనెటీగకూ చిమ్మటకూ ఇబ్బంది లేదు. కుళ్లిన పిందెలు ఏరి లోతుగా పాతిపెట్టాలి, గట్టు మీద పారేస్తే ఈగలను మనమే పెంచినట్టు. పిచికారీ తప్పదనుకుంటే కలగలుపు పందిరికి మధ్యాహ్నం 3–4.30 మధ్య మేలు. అప్పటికి గుమ్మడి, దోస పూలు ముడుచుకుపోయి ఉంటాయి, సొర, బీర ఇంకా విచ్చుకోవు, కొట్టిన మందు పూలు విచ్చే వేళకు ఆకు మీద ఆరుతుంది. దీనికీ చిక్కులున్నాయి. ఆ వేళ గాలి ఎక్కువ, పక్క చేలో పొద్దుతిరుగుడు పూతలో ఉంటే తుంపర అటు పోతుంది. నడివేసవిలో ఆకు మాడుతుంది, ముఖ్యంగా గంధకం ఈ తీగలకు అసలే పడదు. పందిరి కింద పూతలో ఉన్న కలుపు ముందు తీసేయాలి, లేకుంటే దాని మీద తేనెటీగలు ఉంటాయి. ఒక్క హెచ్చరిక: ఇమిడాక్లోప్రిడ్ లాంటి, మొక్క లోపలికి పాకే మందులకు ఈ వేళల లెక్క పనిచేయదు. అవి ఆకుల నుంచి, వేళ్ల నుంచి పువ్వు తేనెలోకే వస్తాయి. పూత మొదలయ్యాక వాటిని వాడకపోవడం ఒక్కటే దారి.

‘తేనెటీగలకు హాని లేదు’ అని డబ్బా మీద ఉంటే చిమ్మటకూ హాని లేదని కాదు. బాసిల్లస్ థురింజెన్సిస్ అనే బాక్టీరియాతో చేసే బీటీ మందు దీనికి మంచి ఉదాహరణ. ఆకుతో పాటు దాన్ని తిన్న గొంగళిపురుగు చస్తుంది, తేనెటీగకు ఏమీ కాదు. హాక్ చిమ్మట పిల్లపురుగు ఆ గొంగళిపురుగుల్లోనే ఉంటుంది. ఇక్కడే మన తగవు. పందిరికి మేలు చేసే చిమ్మటలు పిల్లలుగా ఉన్నప్పుడు మన పంటలే తింటాయి. అగ్రియస్ చిలగడదుంప, పెసర, మినుము ఆకు తింటుంది. హిప్పోషన్ సెలెరియో ద్రాక్ష, చేమ మీద పెరుగుతుంది. గన్నేరు, నందివర్ధనం ఆకులు కొరికే, నీలి కంటిచుక్కలున్న లావుపాటి పచ్చపురుగు డాఫ్నిస్ నెరీ పిల్ల. వీటి తోక దగ్గర చిన్న కొమ్ము ఉంటుంది, అది కుట్టదు. పెసరలో అక్కడక్కడ కనిపిస్తే చేత్తో ఏరి, గట్టు మీది అడవి తీగకు చేర్చినా సరిపోతుంది. దీనికోసం చేనంతా మందు కొట్టడం దండగ. ఈ పురుగులు మట్టిలోకి దిగి గూడు కడతాయి. దుక్కిలో బయటపడే అగ్రియస్ గూటికి కూజా పిడిలా వంగిన గొట్టం ఉంటుంది. అది రాబోయే తుండానికి ఒర. పెరటి నందివర్ధనం పురుగు నాలుగు రెమ్మలు తింటే తిననివ్వండి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

తేనె పెట్టెలు పెట్టినవాళ్లకు చిమ్మట మీద కోపం ఉండటంలో కొంత న్యాయం ఉంది. నువ్వుచేలో పెరిగే అకెరోన్షియా స్టిక్స్ అనే పెద్ద చిమ్మట, వీపు మీద పుర్రె బొమ్మలాంటి మచ్చ ఉన్నది, రాత్రి పట్టులోకి దూరి మూత వేసిన గదులు పొడిచి తేనె తాగుతుంది. దాని తుండం పొట్టిది, మొద్దుది, పూలకంటే ఈ పనికే తగినది. పట్టుకుంటే కీచుమంటుంది. దానికి వైద్యం సులువు. పెట్టె ద్వారం ఎత్తు 8 మిల్లీమీటర్లకు తగ్గిస్తే తేనెటీగ దూరుతుంది, అది దూరలేదు. ఐరోపా తేనెటీగలైతే లోపల చచ్చిన పెద్ద పురుగును జిగురుతో కప్పేస్తాయి. మన సెరానా ఆ జిగురు తేదు, కాబట్టి పెట్టె తెరిచినప్పుడు కళేబరం మీరే తీసేయాలి.

సోలార్ దీపపు ఎరలు పందిరి పక్కనే రాత్రంతా వెలిగించడం కూడా మేలు చేసే చిమ్మటలను పోగొట్టుకునే పనే. అవి పంటకు చెడ్డదేదో మంచిదేదో చూడవు. వంగ, వరి చేలకు పెట్టుకున్నా, సొర పొట్ల పందిళ్లకు దూరంగా పెట్టాలి.

మీ రైతు పేజీలో ఈ పూత వేళలు ఒక పట్టికగా వేయండి. దాని పక్కనే పందిరి దగ్గర చేయదగ్గ పరీక్ష ఒకటి అచ్చు వేయండి. టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టాలి, ఎరుపు చిమ్మటలకు సరిగ్గా కనబడదు. సాయంత్రం 6.15 నుంచి 7.15 దాకా ఒకేచోట కూర్చుని పది ఆడపూల మీదకు ఏవి ఎన్నిసార్లు వచ్చాయో రాసుకోవాలి. గాలివాన లేని మూడు సాయంత్రాలు చూశాక కూడా పూలు ఖాళీగానే ఉంటే చేత్తో పుప్పొడి అద్దడం మొదలుపెట్టాలి. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రెక్కలు ఒలిచి, మధ్యనున్న కాడను ఆడపువ్వు మూడు పాయల కీలాగ్రానికి మూడు వైపులా తాకించాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు వస్తుంది. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, గుర్తుపట్టడం కష్టం కాదు. అద్దిన పువ్వు కాడకు దారం కట్టి, వారం తరవాత దారం ఉన్న పిందెలనూ లేనివాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పందిరికి కావలసింది మందో పురుగో తెలిసిపోతుంది.

— కీటకశాస్త్రం బోధించిన ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా